ఈఏపీసెట్‌లో సమయం చాలడం లేదా? అపోహలు, వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. మాక్ టెస్ట్ మార్కులు రాగానే తల్లిదండ్రుల నుంచి వినిపించే మాట ఒక్కటే: "మావాడికి అన్నీ వచ్చు సార్, టైమే చాలడం లేదు. వేగం పెరిగే కోర్సు ఏదైనా ఉంటే చెప్పండి."

అపోహ: చేతివేగం పెరిగితే సమయం మిగులుతుంది.

వాస్తవం: ఇంజినీరింగ్ ప్రవేశపరీక్ష ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రశ్నకు 67 సెకన్లు. తేలికదైనా కష్టమైనదైనా ఒకటే మార్కు. ప్రశ్నకు ఐదు సెకన్ల చొప్పున డెబ్బై ప్రశ్నల్లో కూడబెట్టినదంతా, ఒక్క సమాకలనం (ఇంటిగ్రేషన్) లెక్క దగ్గర ఆరు నిమిషాలు పంతం పట్టి కూర్చుంటే హరించుకుపోతుంది. సమయం మిగిలేది వేగం వల్ల కాదు, వదలడం వల్ల!

తెనాలి నుంచి రోజూ రైల్లో వచ్చే ఒక అమ్మాయి రఫ్ కాగితం అడిగి తీసుకుని చూశాను. పేజీ నిండా ఒకే లెక్క, మూడుసార్లు కొట్టేసి మళ్లీ మొదలుపెట్టింది. కెమిస్ట్రీలో చివరి ప్రశ్నలు తెరవనే లేదు. "ఎందుకు వదలలేదమ్మా?" అంటే, "సగం చేశాను కదా సార్, వదలబుద్ధి కాలేదు" అంది. కళ్లలో నీళ్లు. తెలివి తక్కువై కాదు, పదో తరగతి దాకా అడుగడుక్కీ మార్కులిచ్చే పరీక్షలు రాసిన అలవాటు అది. ఇక్కడ సగం లెక్కకు సున్నా. చదవగానే దారి కనిపించకపోతే ఆ ప్రశ్నకు గుర్తు పెట్టి ముందుకు వెళ్లమన్నాను. ముందు కెమిస్ట్రీ, చివర లెక్కలు. నెల తిరగకుండానే పేపరు మొత్తం చూడగలిగింది.

అపోహ: లెక్క పూర్తిగా చేస్తేనే జవాబు.

వాస్తవం: జవాబు మీ ముందే, నాలుగింటిలో ఒకటిగా ఉంది. 1×1! + 2×2! + 3×3! ... ఇలా ఎన్ పదాల మొత్తం అడిగారనుకోండి (2! అంటే 2×1, 3! అంటే 3×2×1). ఎన్ బదులు 2 పెట్టండి. మొత్తం 5. ఏ ఆప్షన్ 5 ఇస్తుందో చూడండి. రెండు ఆప్షన్లు ఇస్తే ఎన్ బదులు 3 పెట్టండి, 23 రావాలి. అర నిమిషంలో తేలిపోతుంది. ఇది దొంగదారి అనే మాస్టార్లతో నాకు పేచీ ఉంది.

"మూడో ఆప్షనే ఎక్కువసార్లు వస్తుంది" అన్న పుకారును దయచేసి వాట్సాప్‌లో పంపకండి. మొదట పెట్టిన జవాబు మార్చకూడదన్నదీ అంతే. కారణం కనిపిస్తే మార్చాలి.

తప్పు జవాబుకు మార్కు పోతుందనే భయంతో ఈఏపీసెట్‌లో ఖాళీలు వదిలే పిల్లలను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ కోత నీట్‌లో, జేఈఈ మెయిన్‌లో ఉంది, ఇక్కడ లేదు. చివరి మూడు నిమిషాలు ఖాళీలు నింపడానికే ఉంచుకోండి.

నీట్ రాసేవారికి ఇంకొకటి. బబ్లింగ్ (జవాబు పత్రంలో గడులు నింపడం) అంతా చివరికి పెట్టుకుంటే సమయం కలిసిరాదు. 180 గడులు హడావుడిగా నింపేటప్పుడు ఒక్క వరస జారితే కిందివన్నీ తప్పుతాయి, పెన్నుతో నింపినది చెరపలేరు. పేజీ పూర్తికాగానే ఆ పేజీవి నింపేయండి.