టాబ్లెట్‌తో సింథ్ వాయించడం: కొన్ని అపోహలు, అసలు సంగతులు

బతుకమ్మ పాటల రికార్డింగులు మొదలయ్యాయంటే హన్మకొండలోని మా స్టూడియోకు కీబోర్డ్ వాయించే తమ్ముళ్లు చాలామంది వస్తుంటారు. ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్ సింథ్‌ను (స్వరాలు పుట్టించే సాఫ్ట్‌వేర్) వాయించడానికి పక్కన పెట్టుకున్న టాబ్లెట్ కనిపిస్తే అందరూ దాదాపు ఇవే మాటలు అంటారు.

అపోహ: మంచి సౌండ్ కావాలంటే ఖరీదైన టాబ్లెట్ కొనాలి.

సౌండ్ పుట్టేది ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్ సింథ్‌లో. టాబ్లెట్ పంపేది సందేశాలు మాత్రమే, ఎక్కువగా మిడి (వాద్యాలు, కంప్యూటర్లు మాట్లాడుకునే భాష) రూపంలో: ఏ స్వరం, ఎంత గట్టిగా, ఏ నాబ్ ఎంత తిరిగింది. ఇంట్లో మూలన పడి ఉన్న ఆండ్రాయిడ్ టాబ్లెట్‌కు టచ్ సరిగ్గా పనిచేస్తే చాలు. స్క్రీన్ మీద నాబ్‌లు, ఫేడర్లు (జరిపే మీటలు) చూపించే టచ్‌ఓఎస్‌సీ యాప్ ఐప్యాడ్‌లోనే కాదు, ఆండ్రాయిడ్‌లోనూ నడుస్తుంది. డబ్బులుంటే ఆడియో ఇంటర్‌ఫేస్ (ల్యాప్‌టాప్ సౌండ్‌ను స్పీకర్లకు అందించే పెట్టె) మీద పెట్టండి.

అపోహ: వైఫైలో డిలే వస్తుంది, స్టేజీ మీద పనికిరాదు.

సగం నిజమే. కానీ ముందు ల్యాప్‌టాప్‌ను అనుమానించండి. ఆడియో బఫర్ (సౌండ్‌ను బయటికి పంపే ముందు ల్యాప్‌టాప్ కూడబెట్టుకునే ముక్క) 1024 శాంపిల్స్ దగ్గర ఉంటే, సెకనుకు 44,100 శాంపిల్స్ రేటులో అక్కడే 23 మిల్లీసెకన్లు పోతాయి. 128కి దించితే 3 లోపే. ఇక వైఫై విషయానికొస్తే, స్థిరమైన డిలేకు చెయ్యి అలవాటు పడుతుంది. ఒకసారి తొందరగా, ఒకసారి ఆలస్యంగా వస్తేనే తాళం చెడుతుంది.

ఫంక్షన్ హాల్లో వందల ఫోన్లుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డం రాని ఛానెళ్లు మూడే: 1, 6, 11. అందుకే హాలు వాళ్ల వైఫై జోలికి పోవద్దు. సొంత రౌటర్ పెట్టుకుని 5 గిగాహెర్ట్జ్ వాడండి, ఇంటర్నెట్ అక్కర్లేదు. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, రౌటర్ మాత్రం ఆగి మళ్లీ మొదటినుంచి లేస్తుంది. దానికో చిన్న యూపీఎస్ పెట్టండి. ఇంత టెన్షన్ ఎందుకు అనుకుంటే కేబులే మేలు. ఆండ్రాయిడ్ 6.0 నుంచి మిడి సదుపాయం ఉంది. చాలా టాబ్లెట్లలో యూఎస్‌బీ సెట్టింగ్స్‌లో మిడి ఎంచుకుంటే సరిపోతుంది.

అపోహ: టాబ్లెట్ ఉంటే కీబోర్డ్ అమ్మేయొచ్చు.

అమ్మకండి. ఎంత గట్టిగా కొట్టారో అద్దానికి తెలియదు. చాలా యాప్‌లలో కీ మీద వేలు ఎంత కిందికి తగిలితే స్వరం అంత గట్టిగా పలికేలా పెడతారు. నెమ్మదైన పాటకు అది చాలు. చప్పట్ల నడకతో సాగే పాటకు దరువు కొట్టాలంటే ఆక్టాప్యాడే (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ ప్యాడ్) కావాలి.

టాబ్లెట్ గెలిచేది జారుడులో. మన జానపద గాయని "ఉయ్యాలో" అంటూ స్వరం మీంచి స్వరానికి జారుతుంది కదా, ఆ జారుడు నల్ల, తెల్ల మెట్ల మీద దొరకదు. అద్దం మీద వేలు జరిపితే పలుకుతుంది. ఒక్క చిక్కు: చాలా సింథ్‌లలో పిచ్ బెండ్ (స్వరం ఎంత దూరం జారొచ్చో చెప్పే హద్దు) రెండు సెమీటోన్ల (కీబోర్డ్ మీద పక్కపక్క మెట్ల మధ్య దూరం ఒక సెమీటోన్) దగ్గరే ఉంటుంది. యాప్‌లో 12, సింథ్‌లో 2 ఉన్నాయనుకోండి, ఆక్టేవ్ అంతా జరిపినా స్వరం రెండు మెట్లే కదులుతుంది. రెండు చోట్లా ఒకే అంకె పెట్టాలి. మామూలు మిడిలో బెండ్ మిడి ఛానెల్ (స్వరాలన్నీ కలిసి వెళ్లే దారి) మొత్తానికీ వర్తిస్తుంది, కాబట్టి రెండు స్వరాలు పట్టుకుంటే రెండూ కలిసి జారతాయి. వేలికో ఛానెల్ ఇచ్చే ఎంపీఈ పద్ధతి 2018లో ప్రామాణికమైంది. మీ సింథ్‌లో అది ఉంటే ఆన్ చేయండి.

అపోహ: ఓఎస్‌సీ (మిడి లాగే సందేశాలు పంపే మరో పద్ధతి) వాడితే ఫేడర్ జరిపినప్పుడు మెట్లు మెట్లుగా వినిపించదు.

మిడి కంట్రోల్‌కు 128 మెట్లే. 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా ఫిల్టర్ (సౌండ్‌లో కొంత భాగాన్ని కోసేది) తెరిస్తే ఒక్కో మెట్టు దాదాపు ఒక సెమీటోన్. రెజొనెన్స్ (ఫిల్టర్ కోసే చోట సౌండ్‌ను ఎత్తి చూపేది) పెంచి ఫిల్టర్ నాబ్ మెల్లగా తిప్పండి, మెట్లు చెవికే తెలుస్తాయి. ఓఎస్‌సీ దశాంశ సంఖ్యలు పంపుతుంది కాబట్టి మెట్లు చాలా సన్నం, నిజమే. అయితే మధ్యలో దాన్ని మిడిగా మార్చే సాఫ్ట్‌వేర్ పెట్టారా, మళ్లీ 128కే వస్తారు. రీపర్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు ఓఎస్‌సీని నేరుగా తీసుకుంటాయి.

ఐప్యాడ్ వాళ్లకు ఇంకొకటి: నాలుగైదు వేళ్లతో కార్డ్ (ఒకేసారి మోగే స్వరాలు) పట్టి జరిపితే స్క్రీన్ వేరే యాప్‌కు మారిపోతుంది. సెట్టింగ్స్‌లో ఆ జెశ్చర్లు ఆపేసి స్టేజీ ఎక్కండి.