ఆలుగడ్డను ఏం చేసి తింటున్నాం?

"ఆలుగడ్డ భూమిల పెరుగుతది కాబట్టే షుగర్ ఎక్కువట కదా సార్?" అని హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు అడిగారు. ముల్లంగి కూడా భూమిలోనే పెరుగుతుంది, దాన్నెవరూ అనుమానించరు. చూడాల్సింది గడ్డలోని పిండిపదార్థాన్ని, వంటింట్లో దాని గతి ఏమైందన్నదాన్ని.

పిండిపదార్థం అంటే గ్లూకోజ్ గొలుసులు. పచ్చి ఆలుగడ్డలో అవి రేణువుల్లో కుక్కి ఉంటాయి, ఎనుమాముల మార్కెట్ దాటి జిన్నింగ్ మిల్లుకు చేరి ప్రెస్‌లో బిగిసిన పత్తి బేలులా. వేలు కూడా దూరదు. అందుకే పచ్చిది సరిగా అరగదు. నీళ్లలో 60 డిగ్రీలు దాటాక బేలు కట్లు తెగుతాయి. రేణువు నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, గొలుసులు విచ్చుకుంటాయి. లాలాజలంలో, క్లోమరసంలో ఉండి ఆ గొలుసులను తెంపే అమైలేజ్ అనే ఎంజైమ్‌కు ఇక పండగే. మెత్తగా మెదిపితే దూది ఏకినట్టే. తిండి రక్తంలో చక్కెరను ఎంత పెంచుతుందో చెప్పే అంకె గ్లైసిమిక్ ఇండెక్స్; గ్లూకోజ్‌ను 100 అనుకుంటే ఉడికిన ఆలుగడ్డకు అది సగటున 78, ఇన్‌స్టంట్ పొడితో చేసిన ముద్దకు 87.

చల్లారితే కథ కొంత వెనక్కి నడుస్తుంది. కొమ్మల్లేని అమైలోజ్ గొలుసులు గంటల్లోనే పక్కపక్కన చేరి బిగుసుకుంటాయి. కొమ్మలున్న అమైలోపెక్టిన్‌కు రోజులు పడుతుంది. దీన్నే రెట్రోగ్రేడేషన్ అంటారు. అలా బిగిసిన భాగం చిన్నపేగులో అరగక పెద్దపేగుకు చేరి, అక్కడి బ్యాక్టీరియాకు మేత అవుతుంది. మళ్లీ వేడిచేసినా కొంత మిగులుతుంది. అయితే ఇది మిల్లు ప్రెస్ కాదు, చేత్తో అదిమిన మూట. ఎక్కువ భాగం గ్లూకోజ్‌గానే రక్తంలోకి వస్తుంది కాబట్టి ఫ్రిజ్‌ను నమ్ముకుని రెండింతలు తినొద్దు.

అన్నట్టు, పత్తిలోని సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ గొలుసే! గ్లూకోజ్‌లు ఒకదానికొకటి కలిసే అతుకు ఆల్ఫా రకం కాకుండా బీటా రకం, అంతే. ఆ ఒక్క తేడాతో మన అమైలేజ్ దాన్ని ముట్టలేదు. ఇంటర్‌లో దీన్ని మార్కుల కోసం బట్టీ పట్టిస్తారు గానీ, నూలు చొక్కా, ఆలుగడ్డ ఒకే చక్కెరతో అల్లినవని చెప్తే ఏ పిల్లవాడు మర్చిపోతాడు?

ఆకలి సంగతి ఇంకా వింత. 1995లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో సుసానా హోల్ట్ బృందం 38 తిండ్లను 240 కేలరీల చొప్పున పెట్టి, రెండు గంటల పాటు కడుపు ఎంత నిండుగా ఉందో కొలిచింది. తెల్ల బ్రెడ్ 100 అయితే ఉడికిన ఆలుగడ్డకు 323, అన్నింటికంటే ఎక్కువ. ఫ్రెంచ్ ఫ్రైస్‌కు 116, చిప్స్‌కు 91. ఉడికిన గడ్డలో ముప్పావు వంతుకు పైగా నీళ్లే, కడుపు నిండుతుంది. నూనెలో వేయిస్తే నీళ్లు పోయి నూనె చేరుతుంది. కొవ్వు జీర్ణాశయాన్ని నిదానింపజేస్తుంది కాబట్టి ఫ్రైస్ గ్లైసిమిక్ ఇండెక్స్ తక్కువగా కనిపిస్తుంది గానీ, అది చూసి మురిసిపోవద్దు.

నన్నడిగితే మన దగ్గర అసలు చిక్కు ఆలుగడ్డ కాదు, పళ్లెం నిండా అన్నం పెట్టుకుని దాని మీద ఆలుగడ్డ కూర వేసుకోవడం. పిండి మీద పిండి! కూర వేసుకున్న రోజు అన్నం తగ్గించండి, పక్కన పప్పో గుడ్డో పెట్టుకోండి. తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూస్తే మీ ఒంటికి ఎంత పడుతుందో తెలుస్తుంది. ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగే అన్నం తగ్గించాలి.