సీబీ రేడియోలో అతికించిన బోర్డుల కథ

అమెరికాలో లారీ డ్రైవర్లు వాడే పాత సీబీ రేడియో (సిటిజన్స్ బ్యాండ్, అంటే సామాన్యులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో) మూత విప్పితే, కంపెనీ బిగించని చిన్న బోర్డు ఒకటి తరచూ బయటపడుతుంది. రెండు వైపులా అంటుకునే టేపు మీద నిలబడి ఉంటుంది. నాలుగైదు వైర్లు, వోల్టేజీని నిలకడగా ఉంచే ఒక రెగ్యులేటర్, పేరు గీకేసిన ఐసీ (చిప్పు). గొంతుకు ప్రతిధ్వని జోడించే ఎకో బోర్డు కావచ్చు, మాట ముగించి మైకు బటన్ వదలగానే ‘బీప్’మనే రోజర్ బీప్ కావచ్చు. రిపేరుకు కూర్చున్నవాడికి దాని సర్క్యూట్ బొమ్మ దొరకదు. ఎవరు బిగించారో, ఎక్కడ తీగ తెంచి ఎక్కడ కలిపారో తెలియదు.

1958లో అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ ఎఫ్‌సీసీ, హాబీగా రేడియో నడిపే హామ్ రేడియోవాళ్ల చేతిలోని 11 మీటర్ల బ్యాండును తీసుకుని 27 మెగాహెర్ట్జ్ దగ్గర 23 ఛానళ్లతో పౌరులకు ఇచ్చింది. చిరు వ్యాపారులు, కుటుంబాలు పనికొచ్చే మాటలు నాలుగు మాట్లాడుకుంటారన్నది దాని లెక్క. 1973లో చమురు సంక్షోభం వచ్చింది. గంటకు 55 మైళ్ల వేగ పరిమితి పెట్టారు. డీజిల్ ఏ బంకులో దొరుకుతోంది, పోలీసు ఏ మలుపులో కాచుకున్నాడు అన్న కబుర్లు సీబీలో మోగసాగాయి. రద్దీ తట్టుకోలేక 1977 జనవరి 1 నుంచి ఛానళ్లను 40కి పెంచారు. లైసెన్సును పట్టించుకునేవారే కరువవడంతో 1983లో దాన్నీ ఎత్తేశారు. సీబీలో ఎక్కువగా వాడే ఏఎం పద్ధతిలో ప్రసార శక్తికి ఉన్న 4 వాట్ల పరిమితి మాత్రం కదల్లేదు.

ఇరుకు ఛానల్లో నలుగురి కంటే గట్టిగా వినబడాలన్న ఆశే మార్పుచేర్పులన్నిటికీ మూలం. 23 ఛానళ్ల సెట్లలో కొన్ని క్రిస్టళ్లను (ఒక్కొక్కటి ఒక స్థిరమైన ఫ్రీక్వెన్సీ ఇచ్చే ముక్కలు) రకరకాలుగా కలిపి ఛానళ్లు పుట్టించేవారు. ఒక క్రిస్టల్ మారిస్తే కొత్త ఛానళ్లు వచ్చేవి. తర్వాత వచ్చిన, ఛానళ్ల ఫ్రీక్వెన్సీలన్నీ తానే పుట్టించే తొలి పీఎల్ఎల్ ఐసీల్లో ఛానల్ సంఖ్య నేరుగా కాళ్ల (పిన్నుల) మీదికి వచ్చేది, కాబట్టి ఒక కాలు లేపి స్విచ్ పెడితే సరిపోయేది. ఆ దారి మూయడానికి 40 ఛానళ్లు తప్ప మరేదీ ఒప్పుకోని ఐసీలు వచ్చాయి. పవర్ పెంచే లీనియర్ ఆంప్లిఫయర్ల మీద 1978లో నిషేధం పడింది.

ఇక మిగిలింది శబ్దమే. ఎకో బోర్డు ఫ్రీక్వెన్సీని ముట్టుకోదు, పవర్‌నూ పెంచదు, అందుకే డ్రైవర్లకు అది నేరంలా తోచలేదు. చట్టం అలా అనుకోలేదు. సంగీతం, ఈలలు, సౌండ్ ఎఫెక్టులు కూడదని నిబంధనల్లో ఉండేది. కాంటాక్టు కోసమో సంభాషణ కొనసాగించడానికో అయితే 15 సెకన్లు మించని టోన్‌కు అనుమతి ఉండటంతో రోజర్ బీప్ కొంత నయం. ఆ బీపుకు మోజు తెచ్చింది నాసా అపోలో చంద్రయాత్రల ప్రసారాలని చాలామంది నమ్మకం. నిజానికి నాసా వాడిన 2525, 2475 హెర్ట్జ్ టోన్లు దూరంలోని ట్రాన్స్‌మిటర్లను ఆన్, ఆఫ్ చేయడానికే తప్ప ‘మాట ముగిసింది’ అని చెప్పడానికి కాదు!

ఎకోకు కావలసిన సరుకు మాత్రం మరో చోటినుంచి వచ్చింది. 1969లో ఫిలిప్స్ ఇంజనీర్లు రూపొందించిన ‘బకెట్ బ్రిగేడ్’ ఐసీ, మంటలార్పేవాళ్లు వరుసగా నిలబడి బకెట్లు అందించుకున్నట్టు, శబ్దాన్ని ఒక కెపాసిటర్ నుంచి మరొకదానికి అందిస్తూ ఆలస్యం చేస్తుంది. తర్వాత చౌకగా వచ్చిన పీటీ2399 శబ్దాన్ని డిజిటల్‌గా మార్చి 44 కిలోబిట్ల మెమరీలో కాసేపు ఉంచుతుంది. ఆరో కాలి దగ్గరి రెసిస్టర్ ఆలస్యాన్ని నిర్ణయిస్తుంది. మన మైకు సెట్లలో, కరావోకే ఆంప్లిఫయర్లలో మోగే ఎకోకూ ఈ ఐసీనే విరివిగా వాడతారు. కనుక పేరు గీకేసినా, పదహారు కాళ్లుండి 5 వోల్టులే తింటుంటే అనుమానం ముందు దీని మీదికే పోవాలి.

రిపేరుకు పాత పద్ధతే మేలు: బోర్డుకు వెళ్లే మైకు వైరునూ తిరిగొచ్చే వైరునూ కలిపేసి మాట్లాడి చూడాలి. గొంతు శుభ్రంగా పోతే తప్పు బోర్డులోనే. అప్పుడు ముందు 5 వోల్టుల రెగ్యులేటర్, తర్వాత ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. బల్ల మీద బాగున్న బోర్డు ప్రసారంలో మాత్రమే కీచుమంటే, షీల్డు లేని వైర్లలోకి రేడియో తరంగం దూరుతోందని అర్థం.

మాట్లాడేటప్పుడు మన గొంతు మన స్పీకర్‌లోనే వినిపించే టాక్‌బ్యాక్ ఇంతకంటే సులువు. ఏఎం సీబీలో స్పీకర్‌ను మోగించే ఆడియో ఆంప్లిఫయరే ప్రసారమప్పుడు మాడ్యులేషన్‌కూ (గొంతును రేడియో తరంగం మీద ఎక్కించడానికీ) పనిచేస్తుంది. ఆ సమయంలో స్పీకర్‌ను విడదీస్తారు. విడదీసిన చోట ఒక రెసిస్టర్ పెడితే ఎవరి గొంతు వారికే వినిపిస్తుంది. విలువ మరీ తగ్గిస్తే మైకు, స్పీకర్ ఒకదాన్నొకటి అందుకుని కూత పెడతాయి.

చివరికి ఈ హంగులు ఫ్యాక్టరీకే చేరాయి. పది మీటర్ల హామ్ సెట్ల పేరుతో అమ్ముతూ, చిన్న మార్పుతో సీబీ ఛానళ్లలోకి దిగే రేడియోల్లో ఎకో, రోజర్ బీప్, టాక్‌బ్యాక్ ముందే ఉంటాయి. సీబీలో వాడకూడని ఆ సెట్లకు కంపెనీ సర్క్యూట్ బొమ్మలు దొరుకుతాయి, పైగా బోర్డు ఏ కనెక్టర్‌లో కూర్చుంటుందో రాసి ఉంటుంది. అనుమతి ఉన్న సెట్టులో ఎవరో అతికించి పోయిన బోర్డునే ఇప్పటికీ తీగ తీగ పట్టుకుని వెతకాలి.