లేచి నడిస్తే ఏమీ కానట్టేనా? బైక్ రేసింగ్‌లో అపోహలు - వాస్తవాలు

ట్రాక్ మీద కుర్రాళ్లకు రేసింగ్ నేర్పడం నా పని. ఎవరైనా పడ్డారంటే చాలు, పిట్ లేన్‌లో (ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోట) వినపడే మాట ఒకటే, "లేచాడు, నడుస్తున్నాడు, ఏం కాలేదు." వినీ వినీ విసుగొచ్చి రాస్తున్నా.

అపోహ: లేచి నడిస్తే క్షేమమే, మళ్లీ బండెక్కొచ్చు.

వాస్తవం: నడక చూస్తే కాళ్ల సంగతి తెలుస్తుంది, తల సంగతి తెలియదు. పడ్డ వేడిలో అడ్రినలిన్ వల్ల ఎముక విరిగినా నొప్పి తెలియకపోవచ్చు. కంకషన్ (దెబ్బకి మెదడు అదరడం) లక్షణాలైతే గంటల తర్వాత కూడా బయటపడతాయి, స్కాన్ మామూలుగా వచ్చినంత మాత్రాన అది లేదని కాదు. అది తగ్గకముందే తలకు ఇంకో దెబ్బ తగిలితే, చిన్నదైనా సరే, ప్రాణం మీదికి రావచ్చు.

ఒకసారి నా దగ్గర నేర్చుకునే కుర్రాడు హైసైడ్ అయి (జారిన వెనక టైరుకి ఒక్కసారిగా పట్టు దొరికి, బండి పైకి విసిరేసి) పడ్డాడు. తనంతట తనే నడుచుకుంటూ పిట్‌కి వచ్చాడు, చుట్టూ అందరూ చప్పట్లు. గ్లవ్ పట్టీ విప్పలేక దాంతోనే కుస్తీ పడుతూ "సార్, ఇది ఏ సెషన్?" అన్నాడు. చెప్పాను. కాసేపటికి మళ్లీ అదే ప్రశ్న, అదే గొంతుతో. వాళ్ల నాన్న మాత్రం "వాడు బానే ఉన్నాడు సార్, చివరి సెషన్‌కి పంపుదాం" అంటున్నాడు. పంపలేదు. ఆయనకు నా మీద చాలా కోపం వచ్చింది, డబ్బు కట్టారు కదా మరి. సాయంత్రం పిల్లాడు వాంతులు మొదలెట్టాక ఆస్పత్రికి పరిగెత్తారు.

ఇలా చెబితే వెంటనే మోటోజీపీ (బైక్ రేసుల్లో అన్నిటికన్నా పెద్ద ప్రపంచ పోటీ) చాంపియన్ లోరెంజో పేరు తెస్తారు. నిజమే, 2013లో నెదర్లాండ్స్‌లోని అసెన్‌లో కాలర్ బోన్ విరిగితే ఆపరేషన్ చేయించుకుని వచ్చి ఐదో స్థానంలో రేసు ముగించాడు. రెండు వారాలకే జర్మనీలో మళ్లీ పడి, ఎముకకి వేసిన ప్లేటు వంగిపోయి, ఆ రేసే పోగొట్టుకున్నాడన్న సగం మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. ఇంకో మోటోజీపీ చాంపియన్ మార్కెజ్ సంగతీ అంతే. 2020 జులైలో స్పెయిన్‌లోని హెరెజ్‌లో కుడి చేతి పై ఎముక విరిగింది, మంగళవారం ఆపరేషన్, శనివారం బండి మీద. ప్లేటు దెబ్బతిని సీజన్ మొత్తం పోయింది, 2022 జూన్‌కి ఆ చేతికి నాలుగో ఆపరేషన్, మళ్లీ ప్రపంచ చాంపియన్ అయ్యేసరికి 2025. అదే మార్కెజ్ 2022లో ఇండోనేషియాలోని మండలికలో రేసుకి ముందు వార్మప్‌లో ఎగిరి పడి లేచాడు. కంకషన్ అని డాక్టర్లు రేసుకి ఒప్పుకోలేదు. స్పెయిన్‌కి తిరిగి వెళ్లే దారిలో చూపు తేడా కొట్టింది, ఒకటి రెండుగా కనపడే పాత సమస్య తిరగబెట్టింది. ఆ రోజు రేసు మధ్యలో అది మొదలై ఉంటే?

తల్లిదండ్రుల టెన్షన్ నాకు తెలుసు, భయపెట్టాలని కాదు. పడ్డ రోజు పిల్లాణ్ణి ఒంటరిగా వదలొద్దు, బండి నడపనివ్వొద్దు. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులవుతున్నా, మగతగా ఉన్నా, అడిగిందే అడుగుతున్నా ఆస్పత్రికే. మళ్లీ ట్రాక్ ఎప్పుడెక్కాలో డాక్టర్ చెప్పాలి, నేను కాదు, మీ వాడు అసలే కాదు.

అపోహ: పడగానే గాలి నిండే ఎయిర్‌బ్యాగ్ సూట్ ఉంటే చాలు.

మోటోజీపీలో 2018 నుంచి తప్పనిసరి చేశారు, మంచి పని. భుజాన్ని, కాలర్ బోన్‌ని బాగా కాపాడుతుంది, తలను కాదు. వెనక నుంచి వచ్చే బండిని అస్సలు ఆపలేదు. 2011లో మలేషియాలోని సెపాంగ్‌లో రైడర్ సిమోన్చెల్లిని బలి తీసుకున్నది వెనక బండ్లు తగలడమే. ముందు ప్రమాదం ఉందని చూపే పసుపు జెండా కనపడగానే వేగం తగ్గించమని నేను అరిచేది అందుకే.

అపోహ: రైడర్ల మధ్య పగా పంతాల వల్లే పడిపోతారు.

2015లో సెపాంగ్‌లో రోసీ, మార్కెజ్ అనే ఇద్దరు చాంపియన్లు తగులుకుని, మార్కెజ్ పడిపోయిన గొడవ చూసి అందరూ ఇదే అనుకుంటారు. రోసీకి 3 పెనాల్టీ పాయింట్లు పడ్డాయి, సరే. కానీ ఎక్కువ మంది పక్కన ఎవరూ లేకుండానే పడతారు, ముందు టైరు పట్టు తప్పి.

అపోహ: గెలిపించేది బండే, రైడర్ కాదు.

2019లో మార్కెజ్ 420 పాయింట్లతో చాంపియన్. అతనిలాగే హోండా నడిపిన కాల్ క్రచ్‌లో అనే రైడర్‌కి తొమ్మిదో స్థానం. ఇక వాదించను.

చివరిది హెల్మెట్. "పైన గీతే పడింది సార్" అంటారు. లోపల థర్మాకోల్ లాంటి పొర ఉంటుంది, దెబ్బని తాను తీసుకుని నలిగిపోవడమే దాని పని, నలిగాక మళ్లీ ఉబ్బదు, పైకి కనపడదు కూడా. తలతో సహా నేలకి తగిలిన హెల్మెట్‌ని పక్కన పడేయండి. జూనియర్లకి సగం ధరకి అమ్మకండి.