చిన్న పుస్తకంలో కాంట్ పడతాడా? తత్వవేత్తల పరిచయ పుస్తకాల మీద అపోహలు, వాస్తవాలు

తత్వవేత్తల మీద మామూలు పాఠకుల కోసం వచ్చే చిన్న పుస్తకాలకి సంపాదకత్వం చెయ్యడం నా పని. నూట ముప్ఫయ్యో నూట యాభయ్యో పేజీలు, చేతిలో ఇమిడే సైజు, అట్ట మీద ఒకే ఒక్క పేరు: ప్లేటో, హ్యూమ్, నీషే. వీటిని కొనేవాళ్ళకీ, కొననివాళ్ళకీ, చివరికి రాయడానికి ఒప్పుకున్న ఆచార్యులకీ కూడా వీటి మీద కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి. అందులో చాలావరకు సరైనవి కావు. తరచుగా వినపడేవాటిని ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: ఇవి పెద్ద గ్రంథాలకి సంక్షిప్త రూపాలు

అన్నిట్లోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఎందుకంటే ఇది చదివేవాళ్ళలోనే కాదు, రాసేవాళ్ళలోనూ ఉంది. నా చేతికి వచ్చే రాతప్రతుల్లో చాలావాటి పోకడ ఒకటే. ఆ మహానుభావుడు రాసిన ఒక్కో గ్రంథానికి ఒక్కో అధ్యాయం కేటాయించి, కొండని అద్దంలో చూపించినట్టు అన్నీ తలా కాస్త చెప్పేస్తారు. "దేశకాలాలు మన అనుభవానికుండే రూపాలని కాంట్ అన్నాడు. వస్తువులు స్వతహాగా ఎలా ఉంటాయో మనకి తెలియదన్నాడు." పేజీ నిండా అన్నాడు, అన్నాడు, అన్నాడు. అలా ఎందుకు అనాల్సొచ్చిందో మాత్రం ఒక్క ముక్క ఉండదు. దాంతో పరీక్ష గట్టెక్కొచ్చేమో గానీ కాంట్ ఎవరో తెలియదు.

చిన్న పుస్తకం ఎలా రాయాలో 1740లోనే డేవిడ్ హ్యూమ్ చేసి చూపించాడు. మానవ స్వభావం మీద ఆయన రాసిన పెద్ద గ్రంథంలో మొదటి రెండు భాగాలు అంతకు ముందు ఏడాది వచ్చాయి. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అచ్చులోంచి బయటపడుతూనే చచ్చి పుట్టిందని తరవాత్తరవాత ఆయనే రాసుకున్నాడు. అప్పుడాయన తన పేరు పెట్టకుండా, ఎవరో మూడో మనిషి రాసినట్టుగా, తన గ్రంథం మీద తనే ఒక చిన్న పుస్తకం వేశాడు. (అది ఆడం స్మిత్ రాశాడని కొందరు అనుకునేవారు. హ్యూమ్ రాసిందేనని వాదించి 1938లో మళ్ళీ అచ్చు వేయించింది కీన్స్, స్రాఫా అనే ఇద్దరు ఆర్థికవేత్తలు. తత్వశాస్త్రం వాళ్ళకి ఇప్పటికీ ఇది కాస్త చిన్నతనమే.)

ఆ పుస్తకం ముందుమాటలో హ్యూమ్ సూటిగా చెప్పేస్తాడు: ఒకే ఒక్క తేలికైన వాదాన్ని ఎంచుకున్నాను, దాన్ని మొదటినుంచి చివరిదాకా జాగ్రత్తగా నడిపిస్తాను, మిగతా విషయాలు సూచనలు మాత్రమే అని. ఆ వాదం ఇది. బిలియర్డ్ బల్ల మీద ఒక బంతి ఆగి ఉంది. ఇంకో బంతి వేగంగా వచ్చి దాన్ని తాకింది. ఆగి ఉన్నది కదిలింది. మొదటిది రెండోదాన్ని కదిలించిందని మనం తడుముకోకుండా చెప్పేస్తాం. కానీ కంటికి కనిపించిందేమిటి? రెండూ తాకాయి. తాకడం ముందు, కదలడం తరవాత. ఇలాంటి బంతులు ఎప్పుడు తాకినా ఇలాగే జరిగింది. ఇంతే కదా? "కదిలించే శక్తి" అనేదాన్ని ఎవరు చూశారు? అప్పుడే సృష్టించబడ్డ ఆదాముని తీసుకోండి అంటాడు హ్యూమ్. తెలివికి లోటు లేదు, అనుభవం మాత్రం సున్నా. మొదటి బంతి వస్తుంటే చూసి, రెండోది కదులుతుందని అతను ముందే చెప్పగలడా? చెప్పలేడు. మరి మనం చెప్పగలుగుతున్నది తర్కబలంతోనా, అలవాటు బలంతోనా?

ఇది చదివినవాడికి హ్యూమ్ ఇంకేం రాశాడో తెలియకపోవచ్చు. కానీ హ్యూమ్ ఎలా ఆలోచిస్తాడో తెలిసిపోయింది. మిగతాది చదవాలంటే చదువుకోగలడు. ఆరు సంపుటాల ఇంగ్లండ్ చరిత్ర, వాణిజ్యం మీద వ్యాసాలు, రాజకీయాల మీద వ్యాసాలు అన్నీ ఇరికించాలని చూసే రచయితలతో నేను పడే పేచీ అంతా ఇక్కడే. ఏం రాయాలన్నది తేలికగానే తేలుతుంది. ఏది వదిలెయ్యాలో తేల్చుకోడానికే నెలలు పడుతుంది.

కాంట్ కథా ఇలాంటిదే. శుద్ధబుద్ధి మీద ఆయన మహాగ్రంథం 1781లో వచ్చింది. చదివినవాళ్ళు తలలు పట్టుకున్నారు. 1782లో వచ్చిన ఒక సమీక్ష ఆయనకి బాగా కోపం తెప్పించింది. 1783లో అదే విషయం మీద చిన్న పుస్తకం రాశాడు. పెద్దదాన్ని కుదించలేదు, దారే తిప్పేశాడు. పెద్ద గ్రంథంలో మనసు సామర్థ్యాల దగ్గర మొదలుపెట్టి విజ్ఞానం దాకా వస్తాడు. చిన్నదాంట్లో, గణితం ఉంది, భౌతికశాస్త్రం ఉంది, వాటి మాట మనం నమ్ముతున్నాం, అసలిది ఎలా సాధ్యమైంది అని అక్కణ్ణించి వెనక్కి నడుస్తాడు. తనని పిడివాదపు నిద్ర లోంచి లేపింది హ్యూమేనని ఒప్పుకున్నదీ ఈ పుస్తకంలోనే. కాంట్ మీద పరిచయం రాసేవాళ్ళకి నేనిచ్చే సలహా ఒకటే: బిలియర్డ్ బంతులతో మొదలుపెట్టండి. హ్యూమ్ పెట్టిన చిక్కు పాఠకుడికి ముందు గట్టిగా తగలాలి. అది తగలనివాడికి కాంట్ చెప్పే జవాబు ఎందుకు?

అపోహ: మూలం చదివే ఓపిక లేనివాళ్ళకే ఇవి

ప్రాచీన గ్రీకు తత్వవేత్త ఎపిక్యురస్ ప్రకృతి మీద 37 భాగాల గ్రంథం రాశాడు. అది దాదాపు అంతా పోయింది. మనకి దక్కినవాటిలో ముఖ్యమైనవి ఆయన శిష్యులకి రాసిన మూడు ఉత్తరాలు, నలభై చిన్న సూత్రాలు. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో డయోజెనీస్ లెయర్షియస్ తత్వవేత్తల జీవితాల మీద రాసిన పుస్తకం చివర్లో వాటిని ఎత్తి రాసుకోబట్టి అవి మిగిలాయి. హెరొడొటస్ అనే శిష్యుడికి రాసిన ఉత్తరం (చరిత్రకారుడు హెరొడొటస్ వేరు) ఎలా మొదలవుతుందో చూడండి. నా పెద్ద గ్రంథాలన్నీ చదవలేనివాళ్ళ కోసం సంగ్రహం తయారుచేశాను అంటాడు. అక్కడితో ఆగడు. బాగా ముందుకెళ్ళినవాళ్ళకి కూడా మొత్తం రూపురేఖలు మనసులో ఉండాలి, వివరాలకంటే దాని అవసరమే తరచుగా పడుతుంది అంటాడు. అంటే సంగ్రహం మొదటి మెట్టు మీద వాళ్ళకే కాదు, పై మెట్టు మీద వాళ్ళకీ పనికొస్తుందని సాక్షాత్తూ గ్రంథకర్తే చెబుతున్నాడు.

మన దగ్గర అన్నంభట్టు ఇంకా నిర్మొహమాటం. "బాలానాం సుఖబోధాయ క్రియతే తర్కసంగ్రహః" (పిల్లలకి సులువుగా బోధపడడానికి తర్కసంగ్రహం రాస్తున్నాను) అని మొదటి శ్లోకంలోనే ప్రకటించేశాడు. పదిహేడో శతాబ్దపు ఆ చిన్న పుస్తకంతోనే న్యాయ వైశేషిక దర్శనాల చదువు మొదలుపెట్టడం ఈనాటికీ ఆనవాయితీ. ఆ పుస్తకానికి దీపిక అనే వ్యాఖ్య కూడా తనే రాశాడు. ఆ వ్యాఖ్యకి వేరేవాళ్ళు వ్యాఖ్యలు రాశారు. చిన్న పుస్తకం చదివి ఆపేస్తారన్న భయం ఆయనకి ఉన్నట్టు కనపడదు.

ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. పరిచయం చదివి మూలం చదివేశామనుకునేవాళ్ళు ఉన్నారు. పుస్తకం చివర "తరవాత ఏం చదవాలి" అన్న రెండు పేజీలు సరిగ్గా ఉంటే ఆ జబ్బు కొంత తగ్గుతుంది. ఏ గ్రంథం, అందులో ఏ అధ్యాయం, ఎవరి అనువాదం అని విడమరిచి రాయాలి. ముప్ఫయి పేర్ల జాబితా పడేస్తే ఎవరూ ఒక్కటీ తెరవరు.

అపోహ: చిన్నది కాబట్టి తేలిక

లైబ్‌నిజ్ 1714లో రాసిన మొనాడాలజీ తొంభై పేరాలు. విట్‌గెన్‌స్టైన్ బతికుండగా అచ్చయిన ఒకే ఒక్క తత్వగ్రంథం, 1921లో వచ్చింది, వంద పేజీలు కూడా ఉండదు. ఇందులోని ఆలోచనలు ఇదివరకే తమకి తట్టినవాళ్ళకే బహుశా ఇది అర్థమవుతుందని దాని ముందుమాటలో ఆయనే రాశాడు. కావలిస్తే ప్రయత్నించి చూడండి.

అపోహ: జీవితకథ బాగా చెబితే తత్వం దానంతటదే అర్థమవుతుంది

అమ్మకాలకి జీవితకథ మంచిదే, కాదనను. కాంట్ షికారుకి బయల్దేరితే చూసి ఊళ్ళోవాళ్ళు గడియారాలు సరిచేసుకునేవారన్న కథ లేని రాతప్రతి నా బల్ల మీదకి రావడం అరుదు. వచ్చిన ప్రతిసారీ కొట్టేస్తాను. దాని వల్ల ఆయన వాదంలో ఒక్క మెట్టు కూడా తేటపడదు.

స్పినోజా సంగతి వేరు. 1656లో, ఇరవై మూడేళ్ళ వయసులో, ఆమ్‌స్టర్‌డామ్ యూదు సమాజం ఆయన్ని వెలివేసింది. 1670లో మతం, రాజ్యం మీద రాసిన పుస్తకాన్ని పేరు లేకుండా, అచ్చయిన ఊరు కూడా మార్చి వేశారు. 1675లో ఎథిక్స్‌ని అచ్చు వేయిద్దామని వెళ్ళి, తన మీద లేస్తున్న దుమారం చూసి మానుకున్నాడు. చివరికి అది ఆయన పోయాక 1677లో వచ్చింది. ఈ వివరాలు పుస్తకంలో ఉండాల్సిందే. దేవుడన్నా ప్రకృతి అన్నా ఒకటేనన్న మాట ఆ రోజుల్లో ఎంత ప్రమాదమో, దాన్ని నిర్వచనాలు, స్వయంసిద్ధాలు, నిరూపణలు అంటూ జ్యామితి పద్ధతిలో రాసిన మనిషి దేనికి ఎదురు నిలబడ్డాడో వాటి వల్ల తెలుస్తుంది. కటకాలు అరగదీసి బతికాడన్నది ఒక్క వాక్యం చాలు. ఆ పనికి రెండు పేజీలు పెట్టి, తత్వానికి ప్రతీకగా మార్చేసే రచయితలున్నారు. దయచేసి వద్దు.

అపోహ: పరిచయమే కదా, కాస్త అటూ ఇటూ అయినా కొంప మునగదు

మునుగుతుంది. హెగెల్ అనగానే "వాదం, ప్రతివాదం, సంవాదం" అని ఎవరైనా చెప్పేస్తారు. హెగెల్ తన పద్ధతిని ఆ మూడు మాటల సూత్రంగా ఎక్కడా చెప్పుకోలేదు. అది ఫిక్టే అనే ఇంకో జర్మన్ తత్వవేత్త వాడిన పద్ధతి. మూడేసి ముక్కల చట్రాన్ని ప్రాణం లేని మూసగా వాడేవాళ్ళని హెగెల్ 1807 నాటి గ్రంథం పీఠికలో ఎత్తిపొడిచాడు కూడా. 1831లో ఆయన పోయాక, 1837లో ఖాలిబేయుస్ అనే జర్మన్ ఆచార్యుడు కాంట్ నుంచి హెగెల్ దాకా వచ్చిన తత్వాన్ని చదువుకున్న జనానికి పరిచయం చేస్తూ పుస్తకం రాశాడు. హెగెల్‌కి ఆ సూత్రం అంటుకోవడంలో దాని చెయ్యి పెద్దది. గమనించారా, అదీ పరిచయ పుస్తకమే! మూలం చదివేవాళ్ళు వందమంది ఉంటే పరిచయాలు చదివేవాళ్ళు వేలమంది. ఇందులో దొర్లిన పొరపాటు శతాబ్దాలు బతుకుతుంది.

మన ప్రాచీన భౌతికవాదులు చార్వాకులది ఇంకా పాపం. "ఋణం కృత్వా ఘృతం పిబేత్" (అప్పు చేసైనా నెయ్యి తాగు) తప్ప వాళ్ళ గురించి మనకి వేరే మాట గుర్తురాదు. ఆ శ్లోకం మనకి బాగా తెలిసింది మాధవాచార్యుల సర్వదర్శనసంగ్రహం ద్వారా. పద్నాలుగో శతాబ్దపు ఆ పుస్తకమూ దర్శనాలన్నిటి మీదా పరిచయమే. రాసినాయన వేదాంతి, చార్వాకానికి మొదటి అధ్యాయం ఇచ్చింది ఖండించడానికి. అనుమాన ప్రమాణం (కనిపించినదాన్ని బట్టి కనిపించనిదాన్ని తేల్చడం) మీద వాళ్ళు తీసిన అభ్యంతరాన్ని మాత్రం ఆయన ఆ అధ్యాయంలోనే గట్టిగా వినిపించాడు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉందని, చూడని చోట్లకి కూడా కలిపి ఎలా చెప్పగలవు అని. ఇది హ్యూమ్ ప్రశ్నకి దగ్గరి చుట్టమే. జనం నెయ్యి పట్టుకుని పొగని వదిలేశారు. చార్వాకం మీద పరిచయం రాసేవాళ్ళు మొదటి పేజీలోనే చెప్పాలి, ఈ మాటల్లో చాలావరకు ప్రత్యర్థుల పుస్తకాల్లోంచి ఏరుకున్నవని.

నీషే గురించి క్లుప్తంగా. "దేవుడు చచ్చిపోయాడు" అన్న మాట చాలామంది అనుకునేట్టు ఆస్తికుల మీద విసిరింది కాదు. 1882 నాటి పుస్తకంలో ఒక పిచ్చివాడు పట్టపగలు లాంతరు పట్టుకుని సంతకి వస్తాడు. అక్కడ గుమిగూడి అతన్ని చూసి నవ్వేవాళ్ళలో చాలామంది నాస్తికులు. మనమే చంపాం, మీరూ నేనూ, అని అతను గింజుకునేది వాళ్ళ ముందే, ఆ పనికి అర్థమేమిటో వాళ్ళకి ఇంకా ఎక్కలేదని. ఆ సన్నివేశం పూర్తిగా ఇవ్వడానికి అరపేజీ చాలు. కొటేషన్ ఒక్కటే ఇస్తే అర్థం తలకిందులవుతుంది. ఇక "అధికార కాంక్ష" పేరుతో ఆయన పోయాక 1901లో వచ్చిన సంపుటం, చెల్లెలూ ఇంకొందరూ కలిసి నోటు పుస్తకాల్లోంచి కూర్చింది. దాన్ని నీషే పూర్తిచేసిన గ్రంథంగా చూపించే పరిచయం మీ చేతిలో ఉంటే పక్కన పెట్టెయ్యండి.

అపోహ: రచయిత ఎటూ మొగ్గకూడదు

మొగ్గొచ్చు, చెప్పి మొగ్గాలి. అభిమాని రాసిన పుస్తకం కన్నా, గౌరవం ఉన్న ప్రత్యర్థి రాసింది తరచుగా బాగుంటుంది. వాదం ఎక్కడ కుంటుతోందో వాడికి తెలుసు. పుస్తకం మధ్యలో ఎక్కడైనా తెరిచి చూడండి. "దీనికి ఒక అభ్యంతరం ఉంది" అన్న ధోరణిలో పది పేజీలకొకటైనా కనపడకపోతే అది భజన. ప్రతి అభ్యంతరానికీ చిటికెలో జవాబు దొరికేస్తున్నా అంతే.

అపోహ: ప్లేటోతో మొదలుపెట్టి వరసగా రావాలి

అక్కర్లేదు. అలా శపథం పట్టిన వాళ్ళు అరిస్టాటిల్ దగ్గర ఆగిపోతారు. మిమ్మల్ని పీడిస్తున్న ప్రశ్న ఏదో చూసుకోండి. నా నిర్ణయాలు నిజంగా నావేనా అని ఉంటే స్పినోజా. పదిమందికి మేలు జరుగుతుందంటే ఒకడికి అన్యాయం చెయ్యొచ్చా అని ఉంటే మిల్ మీద ఒకటి, కాంట్ మీద ఒకటి పక్కపక్కన పెట్టుకుని చదవండి, కొట్టుకోనివ్వండి వాళ్ళని. చావు భయమైతే ఎపిక్యురస్. అయితే ఆయన మీద మాత్రం ఏ పరిచయమూ కొనొద్దు. మెనోయికియస్ అనే శిష్యుడికి రాసిన ఉత్తరం నాలుగైదు పేజీలే. మనం ఉన్నంతసేపూ చావు లేదు, అది వచ్చేసరికి మనం లేము అన్న వాదం అందులోనే ఉంది. తిన్నగా అదే చదువుకోండి, మా పుస్తకం తరవాత చూడొచ్చు.