కాపీ యంత్రం వెళ్లిపోయాక జన్యువుకు మళ్లీ మూత వేసేదెవరు?

ఈస్ట్ కణాల్లో ఏడీఈ2 అనే జన్యువు పనిచేస్తే కాలనీ తెల్లగా ఉంటుంది, ఆగిపోతే ఎర్రబడుతుంది. 1990లో డేనియల్ గాట్‌ష్లింగ్ బృందం ఈ జన్యువును క్రోమోజోమ్ కొసన, టెలోమియర్ పక్కన పెట్టి చూసింది. ప్లేటు మీద ఒకే కాలనీలో ఎర్ర చారలు, తెల్ల చారలు పక్కపక్కనే వచ్చాయి. జన్యువులో ఒక్క అక్షరమూ మారలేదు. తల్లి కణంలో మూతపడిన, అంటే పనిచేయకుండా అణిగిపోయిన జన్యువు పిల్ల కణాల్లోనూ, వాటి పిల్లల్లోనూ మూసే ఉంటే తప్ప అలాంటి ఎర్ర చార రాదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. డీఎన్ఏ దారం ఎనిమిది హిస్టోన్ ప్రొటీన్ల ఉండ చుట్టూ చుట్టుకుని ఉంటుందని 1974లో రోజర్ కోర్న్‌బర్గ్ ప్రతిపాదించాడు. 1997లో లూగర్, రిచ్‌మండ్‌ల స్ఫటిక చిత్రంలో (స్ఫటికంగా మార్చి ఎక్స్-కిరణాలతో రాబట్టిన ఆకారంలో) ఆ చుట్లు స్పష్టంగా కనిపించాయి. 146 అక్షర జతల దారం, సుమారు 1.65 చుట్లు. కణం రెండుగా చీలేముందు డీఎన్ఏను కాపీ చేసే యంత్రం వచ్చిందంటే ఈ ఉండలు దారి వదలక తప్పదు. మరి మూత సంగతి ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

మొదటి ఆధారం అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో దొరికింది. కాపీ అవుతున్న డీఎన్ఏ మీదే హిస్టోన్లను పేర్చే ప్రొటీన్‌ను మనిషి కణాల నుంచి స్మిత్, స్టిల్‌మన్ 1989లో వేరుచేశారు. దాని పేరు కాఫ్-1. ఈస్ట్‌లో దీని జన్యువులు తీసేస్తే కణాలు చచ్చిపోతాయని ఎవరైనా అనుకుంటారు. 1997లో చూస్తే అవి నిక్షేపంగా బతికాయి. కాకపోతే అతినీలలోహిత కాంతికి తట్టుకోలేకపోయాయి, టెలోమియర్ దగ్గర జన్యువుల మూత వదులైంది.

కొత్తగా కాపీ అయిన చోటు ఇదేనని కాఫ్-1కి ఎలా తెలుస్తుంది? జవాబు పీసీఎన్ఏ అనే ప్రొటీన్ ఆకారంలో ఉంది. మూడు ఒకేలాంటి ముక్కలు కలిసి చేతి గాజులా మారతాయి, మధ్యలోంచి డీఎన్ఏ పోతుంది. ఈస్ట్ పీసీఎన్ఏ గాజు రూపాన్ని 1994లో జాన్ కురియన్ బృందం చూపించింది. కాపీ ఎంజైమ్ జారిపోకుండా పట్టి ఉంచే ఈ గాజు, పని అయ్యాక కూడా కాసేపు డీఎన్ఏ మీదే ఉండిపోతుంది. కాఫ్-1 దాన్నే పట్టుకుంటుందని షిబహారా, స్టిల్‌మన్ 1999లో చూపారు. మరుసటి ఏడు ఈస్ట్‌లో గాజునే కొద్దిగా మార్చి చూస్తే జన్యువుల మూత దెబ్బతింది.

కథ ఇంత సాఫీగా సాగితే బాగుండేది. ఈస్ట్‌లో మూత పడాలంటే కణం డీఎన్ఏ కాపీ చేసుకునే ఎస్-దశ దాటాలని 1984 నుంచే తెలుసు. కాపీ మొదలయ్యే చోటును గుర్తించే ఓఆర్‌సీ అనే ప్రొటీన్ సముదాయం మూతకూ కావాలని 1993లో తేలింది. ఇంకేముంది, కాపీ వల్లే మూత అని అందరూ ఖాయం చేసుకున్నారు. 2001లో రెండు బృందాలు ఆ నమ్మకానికి గండి కొట్టాయి. కాపీ మొదలయ్యే చోటే లేని డీఎన్ఏ వలయాలు కాపీ కాకుండానే మూతపడ్డాయి! ఎస్-దశ మాత్రం అప్పుడూ కావాల్సి వచ్చింది.

నా లెక్కన ఈ గందరగోళాన్ని కొంతైనా విడదీసింది స్ఫటిక చిత్రాలే. ఓఆర్‌సీలోని ఓఆర్‌సీ1 ప్రొటీన్ మొదటి భాగం, అంటే బీఏహెచ్ ముక్క, కోసేసినా కాపీ ఆగదు, మూత మాత్రం చెడుతుంది. 2002లో ఆ ముక్క ఆకారం బయటపడింది. 2005లో మూత వేసే సిర్1 ప్రొటీన్ దాన్ని సరిగ్గా ఎక్కడ పట్టుకుంటుందో కనిపించింది. ప్రొటీన్ ఒకటే, పనులు రెండు, వాటికి వాడే భాగాలు వేరు.

మూత వేసే మరో ప్రొటీన్ సిర్3, ఈ ఓఆర్‌సీ1కి తోబుట్టువే. ఈస్ట్ పూర్వికుల్లో జన్యు సముదాయం మొత్తం రెట్టింపైనప్పుడు ఒకే జన్యువు రెండుగా చీలిన ఫలితమిది. సిర్3 బీఏహెచ్ ముక్క హిస్టోన్ ఉండ మీద కూర్చున్న చిత్రం 2011లో వచ్చింది. హెచ్4 హిస్టోన్ తోకలోని 16వ అమైనో ఆమ్లమైన లైసిన్ దాని గుంటలో ఒదిగి ఉంటుంది. ఆ లైసిన్‌కు ఎసిటైల్ గుంపు అనే చిన్న రసాయన ముక్క తగులుకుంటే పట్టు సడలుతుంది. ఆ ఎసిటైల్‌ను పీకేసి చోటు సిద్ధం చేసేది సిర్2 అనే ఎంజైమ్.