ఉడికిన గుడ్డు పొట్టు ఎందుకు అంటుకుంటుంది: ఉప్పు, సోడా, బోరు నీళ్ల చుట్టూ అపోహలు - వాస్తవాలు

బగారన్నంలోకి ట్రే గుడ్లు ఉడకబెడితే అందులో పదింటికి పొట్టుతో పాటు తెల్లసొన కూడా ఊడొచ్చి గుంతలు పడుతుంటాయి. ఈ తిప్పలకు ఎవరి మందు వాళ్ల దగ్గర ఉంటుంది. ఒకరు పిడికెడు ఉప్పు వేయమంటారు, ఒకరు నిమ్మతొక్క, ఇంకొకరు వంట సోడా. అసలు తేడా తెచ్చేవి రెండే: గుడ్డు పెట్టి ఎన్ని రోజులైంది, గంజులో పడే క్షణానికి నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయి. మిగతావాటిలో చాలావరకు పెంకు దాటి లోపలికి పోనే పోవు.

అపోహ: గుడ్డు ఎంత తాజాదైతే పొట్టు అంత బాగా వస్తుంది.

ఇది పూర్తిగా తలకిందులు. పెంకు కింద రెండు పలుచని పొరలుంటాయి. గుడ్డుకు అంటుకునేది పెంకు కాదు, ఆ లోపలి పొర. తెల్లసొన దాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నది తెల్లసొనలోని క్షారగుణం మీద ఆధారపడి ఉంటుంది. ఆ గుణాన్ని కొలిచే అంకె పీహెచ్, అది పెరిగితే క్షారం పెరిగినట్టు. అప్పుడే పెట్టిన గుడ్డులో తెల్లసొన పీహెచ్ 8కి అటూఇటుగా ఉంటుంది. పెంకుకు కంటికి కనిపించని వేల రంధ్రాలుంటాయి కదా, వాటిలోంచి లోపలి కార్బన్ డయాక్సైడ్ రోజురోజుకూ బయటికి పోతుంది. అది పోయేకొద్దీ పీహెచ్ 9 దాటుతుంది, పొర మీద తెల్లసొన పట్టు సడలుతుంది. అదే సమయంలో గుడ్డు వెడల్పు చివర గాలి గది పెరుగుతుంది. పొట్టు తీయడానికి వేలు దూరే సందు అదే.

వేడికి ఈ మార్పు వేగంగా జరుగుతుంది. బయట గది వేడిలో ఉంచిన గుడ్డు మూడు నాలుగు రోజులకే పొట్టు సులువుగా వచ్చే స్థితికి వస్తే, ఫ్రిజ్‌లో పెట్టినదానికి వారం పది రోజులు పడుతుంది. షాద్‌నగర్ వైపు నుంచో చౌటుప్పల్ వైపు నుంచో ఫారం గుడ్డు హోల్‌సేల్‌కు, అక్కడి నుంచి కిరాణా కొట్టుకు చేరేసరికి రెండు మూడు రోజులు ఎలాగూ గడుస్తాయి. కాబట్టి కొట్టు గుడ్డుతో బాధ తక్కువే. బాధంతా ఫారం నుంచి పొద్దున తెచ్చి మధ్యాహ్నం ఉడకబెట్టే గుడ్డుతోనే.

'నాటుకోడి గుడ్డు పొట్టు రాదు, దాని జాతే అంత' అనే మాట కూడా ఇక్కడి నుంచే పుట్టింది. జాతికి సంబంధం లేదు. నాటు గుడ్డును ఎక్కువగా గూట్లోంచి తీసిన రోజే వండేస్తారు, అందుకే అంటుకుంటుంది. దాన్నీ నాలుగు రోజులు నీడలో ఉంచి చూడండి, ఫారం గుడ్డులాగే వస్తుంది. ఎర్ర గుడ్డు, తెల్ల గుడ్డు తేడా అంతకన్నా లేదు. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, పొట్టుకు దానితో పని లేదు.

బడిలోనో హోటల్లోనో వారానికి సరిపడా ట్రేలు ఒకేసారి దింపుకునేవాళ్లు ప్రతి ట్రే మీద వచ్చిన తేదీ రాసిపెట్టుకోవాలి. ఉడకబెట్టడానికి పాత ట్రే, ఆమ్లెట్‌కు కొత్త ట్రే. అలాగని ఎండాకాలంలో మరీ నిల్వ పెట్టకండి. నల్లగొండలో 44, 45 డిగ్రీలు కొట్టే రోజుల్లో బయట ఉన్న గుడ్డు త్వరగా పాడవుతుంది. నీళ్లలో వేస్తే అడుగున పడుకున్నది తాజాది. అడుగునే నిలువుగా నిలబడినది కొంచెం పాతది, పొట్టుకు మంచిది. తేలినది బాగా పాతది. తేలినంత మాత్రాన కుళ్లినట్టు కాదు గానీ, విడిగా గిన్నెలో కొట్టి వాసన చూడనిదే వాడొద్దు.

అపోహ: చల్లనీళ్లలో వేసి మెల్లగా కాగనిస్తేనే పొట్టు వస్తుంది.

మెల్లగా వేడెక్కితే తెల్లసొన పొరను పట్టుకుని గట్టిపడుతుంది. ఒక్కసారిగా మరిగే వేడి తగిలితే పైభాగం వెంటనే తనలో తాను బిగుసుకుంటుంది, పొరను పట్టుకునే సమయం దానికి దొరకదు. కాబట్టి నీళ్లు తెర్లిన తర్వాతే గుడ్డు వేయాలి. తాజా గుడ్డే ఉంది, వేరే దారి లేదు అన్నప్పుడు మనకున్న ఒక్క ఆయుధం ఇదే.

చల్లనీళ్ల పద్ధతిలో నిజం ఒకటుంది: గుడ్లు తక్కువ పగులుతాయి. వేడినీళ్లలో పగలకుండా ఉండాలంటే ఫ్రిజ్ గుడ్లను అరగంట ముందే బయట పెట్టండి. మంట మధ్యస్థానికి దించి, జాలి గంటెతో అడుగుదాకా దించి వదలండి. పైనుంచి జారవిడిస్తే గుడ్డు గంజు అడుగుకు తగిలే పగులుతుంది, వేడికి కాదు. ఎండాకాలంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. వేడికి కోడి మేత తగ్గిస్తుంది, నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పినప్పుడు రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ తగ్గి, పెంకుకు కావలసిన కార్బొనేట్ సరిగా అందదు. అందుకే ఏప్రిల్, మే గుడ్లకు పెంకు పలచన.

ఇంట్లో నాలుగైదు గుడ్లకు ఈ పద్ధతి ఇట్టే కుదురుతుంది. పెద్ద వంటలోనే చిక్కు. 30 గుడ్లు అంటే ఒకటిన్నర కిలోల చల్లటి సరుకు. మూడు లీటర్ల మరిగే నీళ్లలో అవి ఒకేసారి పడితే వేడి 80 డిగ్రీల దగ్గరికి జారిపోతుంది. మళ్లీ తెర్లేదాకా పది నిమిషాలు పట్టిందంటే మీరు చేసింది చల్లనీళ్ల పద్ధతే. ట్రేకు కనీసం ఐదారు లీటర్ల నీళ్లు, పెద్ద పొయ్యి, మూత ఉండాలి. లేకపోతే పదిహేనేసి రెండు వాయిలుగా వేయండి.

ఇంతకన్నా మంచి ఉపాయం ఇడ్లీ పాత్ర. అడుగున రెండు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి, ఆవిరి బాగా వచ్చాక చిల్లుల పళ్లెంలో గుడ్లు పేర్చి మూత పెట్టండి. 12 నుంచి 13 నిమిషాలు చాలు. ఆవిరి వేడి పెంకుకు వెంటనే తగులుతుంది, నీళ్లు చల్లబడే గొడవ ఉండదు, గుడ్లు ఒకదానికొకటి కొట్టుకోవు, గ్యాసూ తక్కువే. కుక్కర్ కూడా ఇదే సూత్రం. గ్లాసున్నర నీళ్లు పోసి, ఆరు గుడ్లు పెట్టి, ఒక విజిల్ రాగానే ఆపి, ఐదు నిమిషాలాగి మిగిలిన ఆవిరి తీసేయాలి. విజిల్ రాగానే ఆవిరి లాగేస్తే పెంకులు పగులుతాయి. 'కుక్కర్లో గుడ్లు పేలతాయి' అన్న భయం ఆ తొందరలోంచే వచ్చింది.

అపోహ: ఉప్పు, వెనిగర్, సోడా వేస్తే పొట్టు దానంతటదే ఊడుతుంది.

లీటరు నీళ్లకు 60 గ్రాముల ఉప్పు వేస్తే నీళ్లు మరిగే వేడి పెరిగేది ఒక్క డిగ్రీ. మనం వేసే చెంచాడు ఉప్పుతో అదీ లేదు. పది పన్నెండు నిమిషాల్లో ఉప్పు పెంకు, పొరలు దాటి చేసేదేమీ ఉండదు. గుడ్డు పగిలితే బయటికి వచ్చే తెల్లసొన త్వరగా గడ్డకట్టి పగులు మూసుకుంటుంది, అంతే దాని మేలు. వెనిగర్ చేసేదీ అదే. నిమ్మతొక్క, చింతపండు వేసే అలవాటు అల్యూమినియం గంజు నల్లబడకుండా వచ్చింది. ఆ పని అది బాగానే చేస్తుంది, దాన్ని పొట్టుకు అంటగట్టారు.

వంట సోడాకు ఆలోచనైతే సరైనదే, క్షారం పెంచాలన్నదే కదా. కానీ గుడ్డులో రోజుల తరబడి జరిగే మార్పును పది నిమిషాల్లో బయటి నుంచి తేలేం. లీటరుకు అర చెంచా వేస్తే కాస్త తేడా కనిపించొచ్చు, నమ్ముకోదగింది కాదు. ఎక్కువ వేస్తే గుడ్డుకు గంధకం వాసన పట్టుకుంటుంది.

అపోహ: బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది, అందుకే మా దగ్గర పొట్టు రాదు.

నల్లగొండ జిల్లా మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ బాధ అందరికీ తెలిసిందే, కాని గుడ్డు పొట్టు రాకపోవడానికి కారణం అది కాదు. గట్టి నీళ్లలో ఉడికిస్తే గంజుకూ పెంకుకూ తెల్లటి పూత పడుతుంది. అది సున్నం, పెంకు పైనే ఉండిపోతుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. గుడ్లు ఉడికిన బోరు నీళ్లను కూరలో పోయొద్దు.

అపోహ: ఎంతసేపు ఉడికితే అంత మంచిది.

తక్కువ ఉడికితే తెల్లసొన మెత్తగా ఉండి పొట్టుతో చిరుగుతుంది, అంతవరకు నిజం. పూర్తిగా ఉడికాక ఇంకా ఉంచితే పొట్టుకు ఒరిగేదేమీ లేదు. తెల్లసొన రబ్బరులా సాగుతుంది. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ, బూడిద రంగు వలయం వస్తుంది. తెల్లసొనలోని గంధకం పచ్చసొనలోని ఇనుముతో కలిసి ఆ రంగు ఇస్తుంది. తింటే హాని లేదు గానీ చూడ్డానికి బాగుండదు.

50 నుంచి 55 గ్రాముల ఫారం గుడ్డుకు మరిగే నీళ్లలో 11 లేదా 12 నిమిషాలు. నాటు గుడ్డు చిన్నది, 9 చాలు. ఫారం గుడ్డు పులుసులో మళ్లీ ఉడికేదైతే 10కి దించేయండి. పెద్ద వాయికి నీళ్లు మళ్లీ తెర్లినప్పటి నుంచి పది నిమిషాలు లెక్కపెట్టాలి. పచ్చసొన జారుగా ఉండే ఏడు నిమిషాల గుడ్డు గర్భిణులకు, చిన్నపిల్లలకు పెట్టొద్దు. ఆరోగ్య లక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో పెట్టే గుడ్డు పూర్తిగా ఉడికి తీరాలి. మహబూబ్‌నగర్ ఎత్తు సుమారు 500 మీటర్లు, అక్కడ నీళ్లు 98 డిగ్రీలు దాటాక మరుగుతాయి. దానికోసం సమయం మార్చే పని లేదు.

అపోహ: ఐస్ నీళ్లే పొట్టును ఊడగొడతాయి.

చల్లనీళ్లు ఉడకడాన్ని ఆపుతాయి, ఆకుపచ్చ వలయం రాకుండా చూస్తాయి, తెల్లసొనను బిగువు చేస్తాయి. బిగుసుకున్న తెల్లసొన చేతిలో చిరగదు. అది సాయమే గాని, అప్పటికే పొరను పట్టుకున్న తెల్లసొనను ఐస్ విడదీయలేదు. మే నెలలో ట్యాంకు నీళ్లు అసలు చల్లనీళ్లు కావని మరవొద్దు. ట్రే గుడ్లను ఐదు లీటర్ల 30 డిగ్రీల నీళ్లలో వేస్తే అవే 40 దాటుతాయి. కుండ నీళ్లు తీసుకుని, రెండుసార్లు మార్చి, పది నిమిషాలు ఉంచండి.

పొట్టు తీయడం వెడల్పు చివర నుంచి మొదలుపెట్టండి. అక్కడ తట్టి, చుట్టూ పగలగొట్టి, వేలు పొర కిందికి పోనిచ్చి లాగాలి. పెంకు ముక్కలు మాత్రమే గిల్లుతూ పోతే పొర గుడ్డు మీదే మిగిలిపోతుంది. నీళ్లలో ముంచి తీస్తే సందులోకి నీరు దూరి పని తేలికవుతుంది.

ఆ తెల్లటి పొర సాగుతూ రావడం చూసి 'ప్లాస్టిక్ గుడ్డు' అని వీడియోలు పెట్టేవాళ్లున్నారు. ప్రతి గుడ్డులో అది ఉంటుంది, ఎండితే కాగితంలా గరగరలాడుతుంది. ప్లాస్టిక్ గుడ్డు అనేది లేదని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా చెప్పింది.

అపోహ: పొట్టు తీసి పెట్టుకుంటే రేపటికి పని తప్పుతుంది.

పొట్టుతో ఉన్న ఉడికిన గుడ్డు ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. పొట్టు తీసినది ఆ రోజే తినేయాలి. బయట మామూలు రోజుల్లో రెండు గంటలు, ఎండాకాలంలో గంటకు మించి వద్దు. చల్లబడిన గుడ్డును మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, పొట్టు తీసినదైనా లోపలి ఆవిరికి పేలుతుంది. వేడినీళ్లలో నాలుగు నిమిషాలు ఉంచితే సరిపోతుంది. పులుసు కోసం నూనెలో వేయించేవాళ్లు గుడ్డును గుడ్డతో తుడిచి, పచ్చసొన తగలకుండా నిలువునా నాలుగు గాట్లు పెట్టాలి. గాటు లేకపోతే లోపలి తడి ఆవిరై నూనె మొహాన చిందుతుంది.